సూర్యకళ మాడు మీద చుక్కలు

సీతమ్మధారలో మా క్లినిక్ మేడ మీద ఉండేది. కింద మందుల షాపు, పక్కన ఇస్త్రీ బండి. నేను అక్కడ పద్నాలుగేళ్లు నర్సుగా చేశాను. మా డాక్టరు సత్యశ్రీ గారు చర్మవ్యాధుల వైద్యురాలు, చాలా నెమ్మదస్తురాలు. నేను కాను. మా నర్సు రాధ నోటికి జడిసి మందుల కంపెనీల వాళ్లు మెట్ల దగ్గరే నిలబడిపోతారని ఆవిడ అందరికీ చెప్పి నవ్వేవారు. అలాంటిదాన్ని, 2007లో ఒక అయిదు రోజులు తిండి సయించనంతగా భయపడ్డాను. ఆ భయం మొదట నాది కాదు. చేపలమ్మే సూర్యకళది. ఆమె దగ్గర్నుంచి నాకు అంటుకుంది.

సూర్యకళ పెదజాలారిపేట మనిషి. అప్పటికి ముప్పై ఆరేళ్లుంటాయి. పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకి పోయి, ఐసు ముక్కల్లో చేపలు వేసుకుని, సిల్వరు తట్ట నెత్తిన పెట్టుకుని తొమ్మిదయ్యేసరికి మా వీధిలో కేకేసేది. పద్దెనిమిదేళ్లుగా అదే తోవ, అదే బరువు. బేరమాడితే ఒప్పుకునేది కాదు. "మీ డాట్రమ్మ సూదికి బేరమాడతారేటి? నా సేపకెందుకు మరి?" అనేది. ఒకసారి నేను వంజరం చేప మొప్ప ఎత్తి తాజాదో కాదో చూశానని మాటా పలుకూ లేకుండా తట్ట ఎత్తుకుని వెళ్లిపోయి, వారం రోజులు మా మెట్లెక్కలేదు. ఒకరి పొగరు ఒకరికి నచ్చి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఆ మార్చి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, పేషెంట్లంతా వెళ్లిపోయాక, తట్ట లేకుండా పైకొచ్చింది. వస్తూనే తలుపు గడియ పెట్టింది. డాక్టరు గారి ముందు స్టూలు మీద కూర్చుని, పిన్నులు ఒక్కొక్కటే తీసి కొప్పు విప్పింది. నడుం దాటే జుట్టు. కానీ నడినెత్తి మీద అరచెయ్యంత మేర ఒక్క వెంట్రుక లేదు. తెల్లగా, నున్నగా మెరుస్తోంది. ఇన్నేళ్లు రోజూ చూస్తున్న తల అది. పక్క జుట్టు అటు లాగి ఎంత నేర్పుగా కప్పుకొచ్చిందో గానీ నాకు ఏనాడూ అనుమానం రాలేదు.

డాక్టరు గారు వేలితో నొక్కి చూసి, "ఇన్నేళ్లు బరువు మోశావు కదా. తట్ట రాపిడికి కుదుళ్లు చచ్చిపోయాయి. ఇంక మొలవదమ్మా" అన్నారు.

"మొలవకపోతే నాను సచ్చిపోతాను డాట్రమ్మా."

"జుట్టు లేకపోతే ఎవరూ చావరు. మా నాన్నని చూస్తే తెలుస్తుంది" అన్నాను నేను. సూర్యకళ నవ్వలేదు.

సంగతి ఏమిటంటే, వాళ్ల పేటలో ఏటా గంగమ్మ పండగ చేస్తారు. పూర్వం రెండు ఇళ్ల నుంచి రెండు ఘటాలు బయల్దేరేవి. ఒక్కో ఇంటి పెద్దకోడలు పసుపునీళ్లతో తలంటు పోసుకుని, జుట్టు విరబోసుకుని, నీళ్ల కుండ మీద దీపం పెట్టుకుని ఒడ్డున ఉన్న గుడి దాకా నడవాలి. తట్ట కింద పెట్టుకునే చుట్టగుడ్డ కూడా ఆ రోజు ఉండకూడదు. ఒట్టి మాడు మీద ఒట్టి కుండ. గంగమ్మ వచ్చి కూర్చునే చోటు మాడేనని వాళ్ల నమ్మకం. సూర్యకళ ఇంట్లో ఘటం ఇరవై రెండేళ్లు ఆమె అత్త అప్పాయమ్మే మోసింది. ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. ఈసారి కోడలి వంతు. వచ్చే మంగళవారం కాక పై మంగళవారమే పండగ.

"మాడు మీద జుట్టు లేకపోతే ఏమవుతుంది?" అని అడిగాను.

"సిలకమ్మవుతాను" అంది.

చిలకమ్మ రెండో ఇంటి కోడలు. పన్నెండేళ్ల కిందట, తొంభై ఐదులో, గుడి ముందుకొచ్చాక ఆమె నెత్తి మీంచి ఘటం జారి పగిలిపోయింది. అందరూ మూగి చూస్తే మాడు బోడిగా ఉంది. గంగమ్మ కూర్చోడానికి ఇష్టపడలేదన్నారు. ఆ నెలలోనే ఒక బోటు నలుగురు మనుషులతో సహా తిరిగి రాలేదు. అంతే, ఆ నలుగురూ ఆమె ఖాతాలో పడ్డారు. ఆమె మొగుణ్ణి ఏ బోటు మీదికీ ఎక్కనివ్వలేదు. అతను మల్కాపురం పోయి కూలి పనిలో చేరాడు, మళ్లీ రాలేదు. ఆమె మాత్రం పేట చివర ఇంట్లో ఒక్కతీ ఉంటుంది. వేటకు బయల్దేరే మగవాళ్లు ఆమె ఎదురైతే ఆ రోజుకి ఆగిపోతారు.

"మా ఆయన ఎల్లాజీకి బోటు తప్ప ఏటీ రాదమ్మా. అందరూ తల మీద నీళ్లు పోసేటప్పుడు జుట్టు అణిగిపోయి మాడు కనిపించేత్తాది. అక్కడితో మా బతుకు సరి."

నాకు మూఢనమ్మకాలంటే ఒళ్లు మంట. తిట్టడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆ బోటు నిజంగా రాలేదు, చిలకమ్మ మొగుడు నిజంగా వెళ్లిపోయాడు. తిట్టి ఎవరిని ఒప్పిస్తాను?

మా డాక్టరు గారు చెన్నైలో ఒక యంత్రం వాడటం నేర్చుకొచ్చారు. బొల్లి మచ్చలున్న వాళ్లకి పెదాల మీద, వేళ్ల మీద సన్నటి సూదితో చర్మం రంగు ఎక్కించేది. విదేశాల్లో అదే పద్ధతిలో పలచబడిన తల మీద నల్లటి చుక్కలు పెడుతున్నారని ఆవిడ చదివారు. గుండు గీసిన తల మీద వెంట్రుకల మొదళ్లు ఎలా కనబడతాయో అలా, వేలకు వేల చుక్కలు. జుట్టు మొలవదు, కానీ తెల్లటి చర్మం కనబడకుండా పోతుంది. ఆ మాట నోరు జారి అనేశారు.

"పచ్చబొట్టులాటిదేటి?" అంది సూర్యకళ, మోచేతి మీద తేలు బొమ్మ చూపించి.

"అలాంటిదే. అంత లోతుకి పోదు. కానీ ఒక్కసారితో అయ్యేది కాదమ్మా. మూడేసి వారాల ఎడంతో రెండు మూడు సార్లు వెయ్యాలి. పుండు మానాలి. పండగయ్యాక రా, చేద్దాం."

సూర్యకళ స్టూలు దిగి ఆవిడ కాళ్లు పట్టుకుంది. అంత పొగరు మనిషి నేల మీద కూర్చుని ఏడుస్తుంటే డాక్టరు గారు కాదనలేకపోయారు. కాదని ఉండాల్సింది. ఇప్పుడు అనడం తేలిక, ఆ రోజు నేనూ పక్కనే ఉండి "చేసేద్దాం మేడం" అన్నదాన్నే.

మర్నాడు ఆదివారం, క్లినిక్ సెలవు. తిమ్మిరి మందు పూసి పని మొదలుపెట్టారు. మూడు గంటల పైనే పట్టింది. యంత్రం తుమ్మెద రొద పెడుతుంటే డాక్టరు గారు ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పోయారు. నేను రక్తం తుడుస్తూ కూర్చున్నాను. సూర్యకళ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. సగం అయ్యాక చిన్న గొంతుతో అడిగింది.

"నర్సమ్మా, గంగమ్మకి తెలిసిపోతాదేటి?"

"గంగమ్మకి నీ మాడు చూడ్డం తప్ప వేరే పనేం లేదా?" అన్నాను. అన్నాక ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాకే ఎందుకో అనిపించింది.

అద్దంలో చూపిస్తే సూర్యకళ తల వంచి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎర్రగా వాచి ఉన్నా, దూరం నుంచి చూస్తే అక్కడ జుట్టున్నట్టే ఉంది. జాగ్రత్తలు చెప్పడం నా పని. వారం దాకా తలస్నానం వద్దన్నాను. నూనె, పసుపు వద్దన్నాను. చుక్కల మీద బరువు పడకూడదు, ఎండ తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఉప్పునీళ్లు ఒక్క చుక్క కూడా తగలకూడదు, తగిలిందా చీము పడుతుంది అని రెండుసార్లు చెప్పాను. "గంగమ్మ మీద ఒట్టు" అంది. బుధవారం డాక్టరు గారు చెన్నైలో వారం రోజుల మీటింగు ఉందని వెళ్లిపోయారు.

శుక్రవారం పొద్దున్న కేక వినబడకుండానే సూర్యకళ మెట్లెక్కి వచ్చింది. ఎండలో నడిచొచ్చిన మనిషి చలికి వణుకుతోంది. తలకి చుట్టుకున్న తుండు విప్పితే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాడంతా ఉబ్బి, పసుపుపచ్చగా చీము కారుతోంది. అక్కడక్కడ చుక్కలు చెక్కులతో పాటు ఊడి వచ్చేశాయి. తుండు మీద నల్లటి మరకలు. ఒళ్లు పట్టుకుంటే కాలిపోతోంది.

"ఏం చేశావే? సముద్రంలో మునిగావా?"

"అటేపు సూడనైనా సూడనేదమ్మా. నీళ్లన్న మాటే ముట్టుకోనేదు. మూడు రోజులు ఇంట్లో కూకున్నాను. మా అత్త ఏటే ఏటే అని అడగతంటే నిన్నా మొన్నా తట్ట ఎత్తినాను. బరువు పడకుండా సుట్టగుడ్డ ఎడల్పుగా సుట్టి, సుక్కలు మద్దిలో వచ్చేలాగ పెట్టుకున్నాను."

మధ్యలో వచ్చేలాగ! నాకు అప్పుడు అర్థమైంది. బరువు పడకూడదన్నాను కాబట్టి బరువు పడకుండా చూసుకుంది. ఆ తట్ట అడుగున ఐసు కరిగి, చేపల ఉప్పూ నెత్తురూ కలిసి, అడుగు చిల్లుల్లోంచి బొట్టు బొట్టుగా చుట్టగుడ్డ మధ్యలోని ఆ ఖాళీలోకే కారింది. రెండు రోజులు, నాలుగేసి గంటలు. ఆమె దాన్ని ఉప్పునీళ్లనుకోలేదు. ఉప్పునీళ్లంటే వాళ్లకి సముద్రమే. తట్ట కారడం పుట్టిన దగ్గర్నుంచి ఉన్నదే, అది నీళ్ల లెక్కలోకి రాదు. కానీ నాకు తెలియాలి కదా! ఆమె వచ్చి వెళ్లాక మా మెట్ల మీద తెల్లటి ఉప్పు చారలు కట్టేవి. వాటిని తిట్టుకుంటూ కడిగించింది నేనే.

సూర్యకళ తుండు మీది నల్ల మరకల్ని చూపించింది. "గంగమ్మ తుడిచేత్తందమ్మా. ఒక్కో సుక్కా ఒక్కో సుక్కా తుడిచేత్తంది."

చెన్నైకి ఫోను చేశాను. డాక్టరు గారు ఇంజెక్షన్లు, మాత్రలు చెప్పి, జ్వరం తగ్గకపోయినా, మెడ పట్టేసినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. కింద ఎముకే ఉంది, చీము లోపలికి పోతే ప్రమాదమన్నారు. ఆ మాట నేను సూర్యకళకు చెప్పలేదు. శని, ఆది, సోమ, మూడు రోజులూ మధ్యాహ్నం పూట వచ్చేది. కడిగి కట్టు కట్టేదాన్ని. మెడ తిప్పమనేదాన్ని, తిప్పేది, నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇంటికెళ్లాక అన్నం ముందు కూర్చుంటే ఆ వాసనే గుర్తొచ్చేది. ఆదివారానికి జ్వరం దిగింది. సోమవారానికి చీము తగ్గింది కానీ మాడు పచ్చిపుండుగానే ఉంది. వేలు ఆనిస్తే మనిషి ఎగిరిపడేది.

"రేపు కుండ పెట్టుకుంటే నొప్పికి తూలిపోతావు. తూలితే కుండ పడుతుంది. ముట్టయ్యానని చెప్పి తప్పించుకో" అన్నాను.

"నా తేదీలు మా అత్తకి నాకన్నా బాగా తెలుసు నర్సమ్మా."

మంగళవారం సెలవు పెట్టి నేనే జాలారిపేట వెళ్లాను. సంచిలో దూది, మందు, కట్టుగుడ్డ. ఎందుకు తీసుకెళ్లానో నాకే తెలియదు, అందరి ముందూ కట్టు ఎలా కడతాను? సందులన్నీ డప్పులతో దద్దరిల్లుతున్నాయి. వాకిట్లో సూర్యకళను పీట మీద కూర్చోబెట్టారు. చుట్టూ నలభై మంది ఆడవాళ్లు. బిందెలతో పసుపునీళ్లు తల మీద పోస్తున్నారు. ఒక్కో బిందెకీ ఆమె పళ్లు బిగించడం నాకు కనబడుతోంది. మిగతావాళ్లు అది భక్తి అనుకుని ఉంటారు.

అప్పాయమ్మ వచ్చింది. అరవై అయిదేళ్ల నిండైన మనిషి, తల మీది కొంగు ఎప్పుడూ జారనివ్వదట. ఆమె పలకరిస్తే పేటలో మగవాళ్లు కూడా బీడీ పారేస్తారని సూర్యకళ చెప్పింది. ఘటం మోసిన చేతులతోనే ఘటం పెట్టాలని ఆచారం. ఆమె కుండ పక్కన పెట్టించి, కోడలి వెనక నిలబడి, తడిసిన జుట్టును రెండు చేతులతో పాయ తీసింది.

చేతులు ఆగిపోయాయి. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. సగం చెరిగిన నల్ల చుక్కలు, మధ్యలో పుండు, చుట్టూ తెల్లటి బోడి చర్మం. అంతా ఆమె కళ్ల కింద ఉంది. సూర్యకళ కళ్లు మూసుకుంది.

"ఏటప్పా, ఆగిపోనావు?" అని ఎవరో ముసలామె అడిగింది.

"మీరందరూ నా మీదొచ్చి పడితే ఏటి సెయ్యను? ఎనక్కెల్లండి!" అని అప్పాయమ్మ ఒక్క అరుపు అరిచింది. జనం నాలుగడుగులు వెనక్కి తగ్గారు. ఆమె గిన్నెలోంచి పిడికెడు పసుపు ముద్ద తీసి మాడంతా మెత్తేసింది, రెండు పక్కల జుట్టూ మీదికి లాగి అణిచింది, కుండ ఎత్తి నడినెత్తి మీద కాకుండా కాస్త నుదుటి వైపుకి పెట్టింది. వంగి కోడలి చెవిలో ఏదో అంది. డప్పుల్లో నాకు వినబడలేదు.

సూర్యకళ లేచింది. గుడి దాకా అరగంట నడక, ఇసకలో సగం. నేను ఆమె మెడ మీంచి చూపు తిప్పలేదు. కుండ నీళ్లు తొణికినప్పుడల్లా మెడ నరాలు బిగుసుకుంటున్నాయి. పేట చివర ఒక ఇల్లు తలుపులు వేసి ఉంది. అందరూ ముఖం పక్కకు తిప్పుకుని దాటారు కాబట్టి అది చిలకమ్మ ఇల్లని తెలిసింది. అక్కడే సూర్యకళ చెవి వెనకనుంచి ఎర్రటి చార ఒకటి భుజం మీదికి దిగింది. "కుంకం కారతంది" అంది నా పక్కావిడ, చేతులు జోడించి. అవునన్నాను. అరగంటలో నేను మొక్కని దేవుడు లేడు. మూఢనమ్మకాల మీద నా ఒళ్లు మంట ఆ పూట ఏమైపోయిందో మరి.

గుడి ముందు ఘటం దించారు. సూర్యకళ మోకాళ్ల మీద కూలబడింది. ఆడవాళ్లు వరసగా వచ్చి ఆమె కాళ్లకు మొక్కారు. ఎల్లాజీ కూడా వచ్చి మొక్కి, నవ్వుతూ బోటు జట్టు వైపు వెళ్లాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

జనం గుళ్లోకి దూరాక అప్పాయమ్మ గుడి పక్కన బోర్లించిన తెప్ప నీడన చతికిలబడింది. నా సంచిలోంచి బయటికొచ్చిన దూది చూసి నన్ను పిలిచింది. "నువ్వేనేటి, ఆ సుక్కలు పెట్టినోలి తాలూకా మనిషివి?"

"మీరు చూశారు కదా. మరెందుకు చెప్పలేదు?"

ఆమె అటూ ఇటూ చూసి కొంగు వెనక్కి తోసింది. నుదుటి మీద ఉన్న జుట్టు వెనక నడినెత్తంతా బోడి. పళ్లెమంత ఉంది. నున్నగా మెరిసింది. వెంటనే కొంగు లాగేసుకుంది.

"నాకు పాతికేళ్లకే ఊడిపోనాది. తట్ట మోసినోలందరికీ ఊడతాది. ఎవలికాల్లే కప్పుకుంటారు, తనకొక్కదానికే అనుకుంటారు. నాను దీపం మసి ఆముదంలో కలిపి రాసుకునేదాన్ని. నీళ్లకి పోదు అది."

"అదే చెవిలో చెప్పారా?"

"కాదు. బయమేత్తందేటే అన్నాను. ఇరవై రెండేళ్లూ నాకూ ఏసింది అన్నాను." పేట చివరి వైపు చూసింది. "సిలకమ్మా నానూ పక్కపక్కనే నడిసేవోలం. ఓ ఏడు అది నా కాడికొచ్చి ఏడిసింది, మాడు ఊడిపోయిందప్పా అని. మసి రాసుకోమని నానే సెప్పినాను. ఆముదం ఎక్కువ ఏసేసినాది. కుండ జారిపోనాది."

నేను ఆమె పక్కన ఇసకలో కూర్చున్నాను.

"అందరూ మూగిపోనారు. అది కింద పడి నా ఏపే సూత్తంది. నా పేరెత్తితే నా తల కూడా ఇప్పేత్తారు. అందుకని, దాని మాడు సూడండి, బోడిమాడు సూడండి అని ముందు నానే అరిసినాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడైనా అందరికీ చెప్పండి! ఆ మనిషి పన్నెండేళ్లుగా..."

"సెప్తే ఈ నిమిషంలో నా కోడలి తల ఇప్పుతారు. సెప్పమంటావేటి?"

చెప్పమనలేకపోయాను. ఆ తల మీద చుక్కలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. దూరంగా సూర్యకళ గుడి మెట్ల మీద కూర్చుని, తడి జుట్టు ముడేసుకుంటోంది. చిన్నపిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్లో పడుకోబెడుతున్నారు.

"సిలకమ్మ నా పేరు సెప్పనేదు" అంది అప్పాయమ్మ. "ఆ రోజూ సెప్పనేదు, బోటు పోయిన రోజూ సెప్పనేదు, మొగుడు ఒగ్గేసి పోయిన రోజూ సెప్పనేదు. రోజూ మా గుమ్మం ముందునుంచే కుళాయికి ఎల్తాది. నా ఏపు ఒకపాలి సూసి ఎల్లిపోతాది. నాకిప్పుడు గంగమ్మంటే బయం నేదమ్మా. సిలకమ్మంటేనే బయం."

పొద్దు వాలుతుంటే అందరూ వచ్చిన దారినే, చిలకమ్మ ఇంటి ముందునుంచే ఇళ్లకు తిరిగారు. అప్పాయమ్మ మోకాళ్ల నొప్పితోనే ఇసకలో చుట్టూ తిరిగి వేరే దారిన వెళ్లింది.